సాలీళ్ల కంపెనీ బతిమాలే శాఖ

ఒక పెద్ద అడవిలో అందరికీ కళ్లున్నాయి, చెవులున్నాయి. అయినా చిరుత వస్తోందో లేదో తెలుసుకోవడానికి సాలీళ్ల కంపెనీకి నెలనెలా ఈగలు కట్టేవారు.

కొండ మీద చిరుత గుహ ముందు ఒక సాలీడు కాపలా. చిరుత కదలగానే అది తీగ లాగుతుంది. ఆ తీగ అడవంతా పాకి ప్రతి గూటికీ, ప్రతి బొరియకీ వెళుతుంది. తీగ వణికితే దాక్కోవాలి. అంతే సర్వీసు.

రెండేళ్ల ఒప్పందం పున్నమితో ముగిసింది. అమావాస్య సాయంత్రంలోగా వద్దని చెప్పకపోతే ఇంకో రెండేళ్లు దానంతటదే సాగుతుంది.

ఆ షరతు చివరిదాకా చదివింది ఒక్క ఉడుతే. పేరు వరాలు. కనపడినదాన్నల్లా లెక్కపెట్టందే నిద్రపట్టని రకం. ఆమె చెట్టు కిందే కుందేలు పోలమ్మ బొరియ. అందులో ఆరుగురు పసిపిల్లలు.

"అత్తా, చిరుత గుహ నుంచి మన చెట్టు దాకా ఎనభై ఊపిర్లలో రాగలదు. కబురు రావడానికి తొంభై పడుతోంది. పదిరోజులు కొలిచాను" అంది వరాలు.

"అంటే?"

"అంటే చిరుత వచ్చి, నిన్ను తిని, మూతి తుడుచుకున్నాక చిరుత వస్తోందని తెలుస్తుంది."

"ఇన్నాళ్లూ బాగానే ఉన్నాం కదే!"

"ఇన్నాళ్లూ చిరుత ఇటు రాలేదు."

పోలమ్మ పిల్లల్ని నాకుతూ, "పోనీలే పిల్లా. ఎనిమిది కాళ్లేసుకుని పాపం వాళ్లూ కష్టపడుతున్నారు. నమ్ముకున్నవాళ్లని వదలకూడదు" అంది.

వరాలు పంచాయతీకి పరుగెత్తింది. సర్పంచి ఏనుగు భారయ్య, కార్యదర్శి నక్క మంతనాలయ్య కొలువుతీరి ఉన్నారు.

"వడ్రంగిపిట్టలు కొత్త కంపెనీ పెట్టాయండీ. చెట్టు నుంచి చెట్టుకి టకటక కొడతాయి. ముప్పై అయిదు ఊపిర్లలో కబురు. అరవై ఇళ్లు చేరితే చాలట. మనవి డెబ్భై రెండు."

"నాకంత వేగం ఎందుకమ్మా?" అంది మూలనున్న తాబేలు. "చిరుత వస్తే తల లోపలికి లాక్కుంటా. అదీ ఉచితమే."

అయినా లెక్క లెక్కే. మారిపోదామని పంచాయతీ తీర్మానించింది. "మాకొద్దు" అని రాసిన ఆకొకటి కంపెనీకి వెళ్లింది.

ఆకు అందిన మరుక్షణం మేనేజరు సాలీడు జాలయ్య భారయ్య ముక్కు ముందు వేలాడాడు. ఎనిమిది చేతులూ జోడించాడు.

"అయ్యా, మీరంటే మాకు ప్రాణం!"

"రెండేళ్లలో ఒక్కసారీ కనపడలేదేం?"

"ప్రాణం కనపడుతుందా అయ్యా?"

జాలయ్య ఆగకుండా చెప్పుకుపోయాడు. వెళ్లిపోతామన్న ప్రతి ఇంటికీ రెండు పేటల తీగ. ఈగలు సగం కడితే చాలు. మధ్యాహ్నానికల్లా పంచాయతీ బండకి కొత్త తీగ వేయించాడు కూడా.

వరాలు ఊపిరి లెక్కపెట్టింది. కబురు ముప్పైకే వచ్చింది.

మంతనాలయ్య మీసం దువ్వుకున్నాడు. "మారడం ఎందుకండీ? మారతామంటే చాలు. నెలకోసారి అందాం. ఏమ్మా, లెక్కలమ్మాయీ, ముప్పై తక్కువా, ముప్పై అయిదు తక్కువా?"

"ముప్పయ్యే" అంది వరాలు. తోక ఎత్తి ఓటేసింది. పోలమ్మ బొరియ దగ్గర కొలవాలన్న ఊహ ఆమెకి రాలేదు.

ఆ వారంలో డెబ్భై ఒక్క ఇళ్లు వెళ్లిపోతామని బెదిరించాయి. బెదిరించనిది పోలమ్మ ఒక్కతే. ఒక్క ఇల్లూ చేరకపోయేసరికి వడ్రంగిపిట్టలు మూట కట్టుకుని ఏరు దాటి వెళ్లిపోయాయి.

ఇక్కడ కంపెనీకి కొత్త తలనొప్పి పట్టుకుంది. ఇంతమందిని బతిమాలేదెవరు? జాలయ్య బతిమాలే శాఖ తెరిచాడు. తీగలు అతికేవాళ్లని అందులో వేశాడు. చాలలేదు. ఈగలు వసూలు చేసేవాళ్లని తప్ప అందరినీ వేశాడు. ఇంకా తాబేలు మిగిలింది. అది ఒక్క మాటకి జవాబివ్వడానికే రెండు రోజులు తీసుకుంటుంది. దాన్ని బతిమాలడానికి చిరుత గుహ ముందున్న కాపలా సాలీడుని పిలిపించాడు.

ఇప్పుడు అడవిలో డెబ్భై ఒక్క ఇళ్లకి మేలైన తీగ ఉంది. అవతలి కొసన లాగేవాడు లేడు.

అమావాస్యకి ముందురోజు పొద్దున వరాలు కొత్త తీగ మీద కాలు పెట్టుకుని కొమ్మ మీద కూర్చుంది. తీగ కదల్లేదు. "తీగ కదలలేదంటే భయం లేనట్టే" అనుకుంది. ఎందుకో కిందికి చూసింది. గడ్డిలో మచ్చలు కదులుతున్నాయి.

"అత్తా! చిరుత! లోపలికి!"

పోలమ్మ ఒక్కొక్క పిల్లనీ ముట్టెతో బొరియలోకి నెట్టింది. ఆరో పిల్ల వెనకే తానూ దూకింది. ఆమె కుడిచెవి సగం చిరుత నోట్లో ఉండిపోయింది.

మర్నాడు అమావాస్య. పోలమ్మ చెవికి ఆకు కట్టుకుని వరాలుతో కలిసి కంపెనీకి బయల్దేరింది.

"వద్దని చెప్పేస్తానే. ఈ తీగ నమ్ముకునే కంటే నీ గొంతు నమ్ముకుంటా."

బతిమాలే శాఖ ముందు పెద్ద బారు. వచ్చే నెల బెదిరింపు కోసం అడవంతా ముందే అక్కడ ఉంది.

"సర్పంచి గారూ, ఈవిడ నిజంగానే వెళ్లిపోవాలి. కాస్త ముందుకి పంపండి" అని వరాలు బతిమాలింది.

"అంటే మేమంతా అబద్ధానికి వచ్చామా?" అన్నాడు భారయ్య. బారంతా పక్కున నవ్వింది. "వరసలో రామ్మా!"

పోలమ్మ వంతు వచ్చేసరికి పొద్దు గుంకింది.

"శుభమమ్మా! మీ ఒప్పందం ఇప్పుడే మరో రెండేళ్లు సాగింది" అన్నాడు జాలయ్య.

"నా చెవి చూడు నాయనా."

"చూశానమ్మా. అయ్యో పాపం."

"ఇంతమందిని బతిమాలారు కదా. ఒక్కరైనా మా అత్త గుమ్మం తొక్కారా?" అంది వరాలు.

"మీ అత్తగారు ముందే బెదిరించి ఉంటే వచ్చేవాళ్లం తల్లీ. నమ్మినవాళ్ల కోసం మా దగ్గర శాఖ లేదు."

పోలమ్మ ఒకటిన్నర చెవితో ఇంటిదారి పట్టింది.

నీతి: ఎవరినైనా నమ్ముకుంటే, ఆ సంగతి వాళ్లకి మాత్రం తెలియనివ్వకూడదు.