బద్దెపురుగు చుట్టం

గుడివాడ కాలేజీలో జువాలజీ చెప్పే రామబ్రహ్మం ఆ ఆదివారం పొద్దున్నే కాఫీ తాగి, కొత్త బ్లేడు పట్టుకుని, పెరటి వసారాలో హార్లిక్స్ సీసా ముందు కూర్చున్నాడు. సీసాలో గోరంత పురుగు. కాలవలన్నీ గాలించగా దొరికింది అదొక్కటే. జలగపిల్ల అని స్టాఫ్ రూమంతా నవ్వింది. కాదు, ప్లనేరియా అని అతని వాదన. తేల్చడం తేలికే. రెండుగా కోస్తే జలగ చస్తుంది, ప్లనేరియా అయితే ఏ ముక్కకాముక్క పురుగై బతుకుతుంది. కానీ చస్తే? ఉన్న ఒక్క పురుగూ పోతుంది, దాంతోపాటు పరువూ పోతుంది. అతనికి చెయ్యి ఆడలేదు.

"ఇంతకీ ఏమిటండీ అది?" అంట్లు తోముతూ అడిగింది భార్య రాజకుమారి.

"కడుపులో బద్దెపురుగు ఉంటుంది చూడు, దానికి చుట్టం. మనింట్లో ఉన్నన్నాళ్ళూ జాగ్రత్తగా చూసుకోవాలి."

గోడవతల బట్టలారేస్తున్న రత్నమ్మగారి చెవిన పడ్డవి మూడే ముక్కలు: కడుపు, బద్దెపురుగు, చుట్టం. ఆ ఇంట్లో చుట్టమంటే ముందురోజే బందరు నుంచి దిగిన రాజకుమారి తమ్ముడు నాని. అంత తిండి తిన్నా పుల్లలా ఉన్నాడంటే ఇదన్నమాట సంగతి, అనుకున్నారావిడ.

రత్నమ్మగారిది జాలిగుండె. మధ్యాహ్నానికల్లా వీధి వీధంతా కదిలొచ్చింది. బొప్పాయి గింజల పొడి ఒకరు, వేపాకు ముద్ద ఒకరు తెచ్చారు. అక్కగారి ఊళ్ళో మర్యాదలు ఇలాగే ఉంటాయి కాబోలనుకుని మొహమాటస్థుడు నాని అన్నీ మింగాడు. చివర్న ఆవిడే దగ్గర కూర్చుని ఆముదం పట్టించారు.

"సిగ్గుపడకు నాయనా. ఎవరికైనా వస్తుంది."

"ఏం వస్తుందండీ?" అని అడిగేలోపే నాని కడుపులో కదిలింది.

దొడ్లోకి పరిగెత్తిన నాని కాలు తగిలి సీసా భళ్ళున పగిలింది. గాజుపెంకు కింద పురుగు సరిగ్గా రెండు ముక్కలు.

"ఎంత పని చేశావురా," అన్నాడు రామబ్రహ్మం నీరసంగా.

"తర్వాత తిడుదువుగాని బావా," అంటూ నాని ఆగకుండా వెళ్ళిపోయాడు.

ముక్కలు రెండూ గిన్నెలో వేసుకుని వారమంతా రామబ్రహ్మం బెంగపెట్టుకున్నాడు. అడుగు తీసి అడుగు వెయ్యలేని నాని ప్రయాణం మానుకున్నాడు. వారం దాటేసరికి తోకముక్కకు బుల్లి తల మొలిచింది, దాని మీద రెండు నల్లటి కళ్ళు. ప్లనేరియాయే. నవ్విన వాళ్ళంతా వరసకట్టి లెన్సులోంచి చూసి చెయ్యి కలిపారు. జన్మలో తను చెయ్యలేని పని ఎవరి చలవ వల్ల అయిందో తలుచుకుంటే రామబ్రహ్మం కళ్ళు చెమర్చాయి. బందరు లడ్డూల పొట్లంతో పక్కింటికి వెళ్ళాడు.

"మీ మేలు మరిచిపోలేను పిన్నిగారూ."

"దానికేముంది మాస్టారూ. ఇంతకీ పురుగు పోయిందా?"

"పోవడమేమిటండీ, మీ దయవల్ల రెండయ్యాయి. రెండూ బాగా తింటున్నాయి."

రత్నమ్మగారు మళ్ళీ ఆముదం సీసా అందుకున్నారు. గోడ ఇవతల నుంచి విన్న నాని బందరు బస్సు అందుకున్నాడు.