మా కారు నోరు మూయించిన విధం

బ్రేకు అరవని కారును నమ్మకండి! అరిచే బ్రేకు నాగరికతకు భగవంతుడు ప్రసాదించిన వరమని నా నిశ్చితాభిప్రాయం.

ఈ మధ్యనే నేనొక సెకండ్ హ్యాండ్ కారు కొన్నాను. అమ్మినవారు మా నెల్లూరులోనే, రెండు వీధుల అవతల నివసించే పెంచలయ్యగారు. సభ ఎక్కడ జరిగినా సత్యాన్ని గురించి ఉపన్యసించే పెద్దమనిషి. కొన్ననాడు కారు నిండా అగరవత్తులు వెలుగుతున్నాయి. వాహనం మీద ఇంతటి భక్తా అని ముగ్ధురాలినయ్యాను.

వారం తిరక్కుండానే బ్రేకు అరవడం మొదలుపెట్టింది. ఎంతటి ఉపకారం! ఎడ్లబండ్లు వాటంతట అవే పక్కకు తొలగేవి. హారన్‌తో పనే లేకపోయింది. నేను చదివిన కాన్వెంటులో మదర్ సుపీరియర్ కంటే ముందు ఆవిడ నడుముకు వేలాడే తాళాల గుత్తి చప్పుడు వచ్చేది. ఆమె వచ్చేసరికి మేము బుద్ధిమంతులమై కూర్చునేవాళ్లం. ముందుగా వినిపించే అధికారం కంటే న్యాయమైనది ఇంకేముంది?

అయినా సంజాయిషీ కోరడం నా విధి కనుక పెంచలయ్యగారిని అడిగాను.

"నా దగ్గరుండగా ఒక్క పొద్దన్నా అరిచిందా అమ్మా? మీ ఇంటికొచ్చినాక నేర్చుకున్నట్టుండాదే!" అన్నారాయన.

పోలీసు స్టేషనుకు వెళ్లాను. సబ్ ఇన్‌స్పెక్టరుగారు మర్యాదస్తులు. కుర్చీ వేయించి, "ఎవరికన్నా తగిలిందా అమ్మా? లేదా? అయితే తగిలినాక రండి," అని సెలవిచ్చారు.

ఇక వైద్యులకు కొదవా? బిట్రగుంటలో రిటైరైన ఇంజను డ్రైవరొకరు, చక్రాల కింద ఇసుక పోయించమన్నారు; రైలుకు అదే మందట! గూడూరు నిమ్మకాయల వర్తకుడొకరు దిష్టి అని తేల్చి, బంపరుకు నిమ్మకాయల దండ కట్టించారు. కారు దండతో అరిచింది.

చివరికి మా డ్రైవరు ఓబయ్య, సముద్రం మీద పడవ నడిపే తన బావమరిది చెంగయ్యను వెంటబెట్టుకొచ్చాడు.

"చెక్క ఎండితే పడవ గూడా కిర్రుమంటాది పెద్దమ్మా. చేపనూనె పూస్తే గమ్మునుంటాది," అన్నాడు చెంగయ్య.

"పడవకు బ్రేకు ఉంటుందా, చెంగయ్యా?"

"అది లేకే గదా, ఇన్నేళ్లూ ఏ గోలా లేకుండా నడిచేది!"

ఆ వాదంలో నాకు లోపం కనిపించలేదు. చక్రాలు విప్పి, బ్రేకు డ్రమ్ముల లోపల నూనె దండిగా పట్టించాడు. మరునాడు కారెక్కి కూర్చుంటే ఘాటైన వాసన. ఎరిగిన వాసనే! కొన్ననాడు అగరవత్తుల పొగ కింద నక్కి ఉన్నది ఇదే. పెంచలయ్యగారి భక్తికి మూలం అప్పుడు బోధపడింది.

"పోనీ ఓబయ్యా, వారింటికే," అన్నాను.

వారి గేటు ముందు ఓబయ్య బ్రేకు తొక్కాడు. కారు అరవలేదు. ఆగనూ లేదు.

"నిలబళ్లేదు పెద్దమ్మో!"

పల్లెత్తు మాట అనకుండా కారు గేటు విరుచుకుని, వరండా ఎక్కి, పెంచలయ్యగారు అప్పుడే లేచిన పడక కుర్చీని నుగ్గు చేసి శాంతించింది.

"వచ్చేముందు కొంచెం అరవకూడదా అమ్మా!" అన్నారాయన స్తంభాన్ని పట్టుకుని.

"అరిచేదే. మీరు చేసిన వైద్యమే నేనూ చేయించాను."

ఇప్పుడు చెప్పండి పాఠకులారా! అరిచినంతకాలం ఆ బ్రేకును ఎవరైనా విన్నారా? నూనె పూయడానికి మాత్రం అందరూ సిద్ధం. అరిచే మనుషుల విషయంలోనూ మన ఆఫీసులు నడిచే పద్ధతి ఇదే.

సబ్ ఇన్‌స్పెక్టరుగారు మాట తప్పలేదు. తగిలింది కనుక పరుగున వచ్చారు. డ్రమ్ములు విప్పించి వాసన చూశారు. విచారణ పూర్తయ్యేదాకా సాక్ష్యాన్ని కదపరాదని ఉత్తరువు చేశారు.

అందుచేత కారు పెంచలయ్యగారి వరండాలోనే ఉంది. ఎండకు నూనె కాగి వీధి వీధంతా కంపు కొడుతోందని వారు నాకు కబురంపారు.

అగరవత్తులు వారి దగ్గర ఉండనే ఉన్నవి కదా?