ఒక్క లీగు, మూడు సీజన్లు

రెండు వేల ఇరవై ఐదు, మార్చి పదకొండు, మంగళవారం. ఆ పొద్దున అచ్యుతరామయ్య తిన్నది మజ్జిగ కలిపిన చోడి అంబలి, నంజుకోవడానికి రెండు ఊరమిరపకాయలు. అంబలి ఉండ కట్టకుండా కుదిరింది. భార్య పోయిన ఈ మూడేళ్ళలో అలా కుదరడం అది నాలుగోసారి. కాబట్టి ఆ రోజంతా సవ్యంగానే గడుస్తుందని ఆయన ధైర్యం తెచ్చుకున్నాడు.

ఆ రోజు పని ఒక్కటే. తీరం ఫుట్‌బాల్ లీగు ఏ నెలల్లో జరగాలో తేల్చి, ఆరు క్లబ్బుల వాళ్ళ చేత ఒకే కాగితం మీద సంతకాలు పెట్టించాలి. స్టీల్ ప్లాంటు టైం ఆఫీసులో ముప్పై నాలుగేళ్ళు పని చేసి రిటైరైన అచ్యుతరామయ్య ఆ లీగుకి కార్యదర్శి. ఆటగాళ్ళు నూట ఇరవై మంది, అందరూ నెల జీతం మీద ఆడేవాళ్ళే. లీగుని పోషించే కంపెనీ మాత్రం ఖరాఖండిగా ఉత్తరం రాసింది. మంగళవారం సాయంత్రం ఆరు గంటల లోపు ఆరు సంతకాలున్న కాలెండరు చేతికి రాకపోతే లీగు మూసేస్తామని. లీగు పోతే నూట ఇరవై మంది రోడ్డున పడతారు. అచ్యుతరామయ్య సాయంత్రాలు కూడా అదే రోడ్డున పడతాయి.

చిక్కంతా ఏ కాలంలో ఆడాలన్న దగ్గరే. వారం క్రితం ముగ్గురు మనుషులు విడివిడిగా వచ్చి ఆయన్ని కలిశారు.

మొదట వచ్చినవాడు జాలరి క్లబ్బు నడిపే పోలిరాజు. "సూడండి మేస్టారూ, ఏప్రిల్ పదేను నుంచి జూన్ పద్నాలుగు దాకా వేట బందు. మా కుర్రోళ్ళందరూ ఒడ్డునే ఉంటారు. ఆ రెండు నెల్లూ ఆట పెట్టీండి. పోయిన డిసెంబర్లో ఏటయింది? మేచ్ టైముకి మా గోల్‌కీపరు నూకాలు సముద్రం మద్దిలో ఉన్నాడు. పోను సేత్తే వల లాగతన్నానంటాడు!"

మర్నాడు అచ్యుతాపురం క్లబ్బు జగ్గారావు వచ్చాడు. అక్కడి ఫ్యాక్టరీలో షిఫ్ట్ ఇన్‌చార్జి. "మే నెల్లో ఆటేటండీ బాబూ? కొలిమి ముందు ఎనిమిది గంటలు నిలబడ్డోడు మళ్ళీ ఎండలో కూకోని ఆట సూత్తాడేటి? నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా పెట్టండి. సల్లగా, సుబ్బరంగా ఉంటది."

మూడో రోజు కంపెనీ తరఫున రోజారమణి వచ్చింది. "సార్, ఆగస్టులో మొదలుపెట్టి మేలో ముగిద్దాం. పెద్ద దేశాల లీగులన్నీ అంతే. ఆటగాళ్ళు ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు మారడానికి వీలుగా ఉంటుంది." ఆగస్టు నుంచి తుపాన్లు వెళ్ళేదాకా మన గ్రౌండులో కప్పలు తప్ప ఎవరూ ఆడలేరని చెబుదామనుకున్నాడు అచ్యుతరామయ్య. కానీ పాపం ఎండన పడి వచ్చిన పిల్ల కదా అని మజ్జిగ ఇచ్చి ఊరుకున్నాడు.

ఆయన ముగ్గురికీ ఒకటే మాట చెప్పాడు, "చూద్దాం" అని. అక్కడితో ఆగినా బాగుండేది. కానీ టైం ఆఫీసు అలవాటు ఒకటి చేతిలో ఉండిపోయింది. షిఫ్టు మార్చమని ఎవరు వచ్చినా, వాళ్ళు అడిగినది కాగితం మీద పొందిగ్గా రాసి, కింద గుండ్రటి ముద్ర వేసి, నకలు వాళ్ళ చేతిలో పెట్టేవాడు. అర్జీ అందిందని చెప్పడానికే ఆ ముద్ర. అంతకు మించి దానికి విలువ లేదని ప్లాంటులో ప్రతివాడికీ తెలుసు. ప్లాంటు గోడ దాటితే మాత్రం గుండ్రటి ముద్ర పడిన కాగితానికి ఎదురు లేదు. అలా ఒక్క వారంలో ఒకే లీగుకి మూడు సీజన్లు, మూడు ముద్రలతో, ముగ్గురి జేబుల్లో ఊళ్ళోకి వెళ్ళిపోయాయి.

మంగళవారం తొమ్మిదింటికి ఆయన కాంప్లెక్సు దగ్గర బస్సు దిగి ద్వారకా నగర్లో ఉన్న లీగు ఆఫీసు వైపు నడిచాడు. సందు మొదట్లోనే తన మొహం తనకి ఎదురైంది. పదడుగుల ఫ్లెక్సీ. రిటైరైన రోజు తీసిన ఫోటో. గడ్డం దాకా గులాబీల దండ, ఉక్కపోతకి సగం మూసుకుపోయిన కళ్ళు. పైన "వేటకి విరామం, ఆటకి ఆరంభం, ఏప్రిల్ 15" అని పెద్ద అక్షరాలు. అడుగున "ఇట్లు" అని పన్నెండు మంది తలకాయలు. అన్నీ ఆధార్ కార్డు ఫోటోల్లా ఉన్నాయి, ఒక్క మొహంలోనూ నవ్వు లేదు.

ఇరవై అడుగులు వేశాడో లేదో మళ్ళీ అదే ఫోటో, అదే దండ. "చలికాలం మనదే, నవంబరు నుంచి" అని ఉంది. ఆఫీసు మెట్ల పక్కన మూడోది. "ఆగస్టులో తొలి కిక్కు" అంటోంది.

సందు చివర ఫ్లెక్సీలు కొట్టే సన్నీ షాపులోకి ఆయన దాదాపు పరిగెత్తాడు. సన్నీ ఎంతో సంతోషంగా ఎదురొచ్చాడు. "మూడు ఆర్డర్లూ నాకే ఒచ్చాయి సార్! మీ ఫోటో నా కాడ అదొక్కటే ఉంది. దండలో నిండుగా ఉన్నారు, మూడింటికీ అదే ఏసీసినాను."

"మూడింట్లో మూడు నెలలున్నాయి కదా బాబూ. నీకు అనుమానం రాలేదా?"

"నాను ఏదీ సదవను సార్. సదివితే తప్పులు కనపడతాయి."

ఈలోగా ఫోను మోగింది. జగ్గారావు. "ఏటండీ, ఆ పోలిరాజుకి ఎండాకాలం ఇచ్చీసినారంట! మరి నాకేసిన ముద్దరకి ఇలువ నేదా?" అది పెట్టగానే పోలిరాజు. "మేస్టారూ, జగ్గారావు బావ నవంబరంటన్నాడు. మీ ముద్దర గాని దొంగిలించీసినాడేటి?" ఆ తర్వాత రోజారమణి. ఆమె అరవలేదు, అదే ఎక్కువ భయపెట్టింది. "సార్, మీరు ముద్ర వేసిన కాలెండరు మా పెద్దవాళ్ళకి పంపేశాను. మిగతా రెండూ ఏమిటో ఐదింటికి సంతకాల కోసం అందరం ఆఫీసుకి వచ్చినప్పుడు చెబుదురు గాని."

అచ్యుతరామయ్య నుదురు తుడుచుకున్నాడు. "సన్నీ, ఆ మూడూ దింపించేయి నాయనా."

"దింపితే ఆళ్ళు నన్ను దింపీస్తారు సార్."

"పోనీ, రాతలన్నీ కనపడకుండా తెల్ల ముక్క అతికించు. నెలలూ వద్దు, నినాదాలూ వద్దు."

"మీ పేరో?"

పేరుకి ఏ కాలమూ లేదు కదా అనుకున్నాడాయన. "పేరు ఉంచు."

ఆ తర్వాత ఫోను ఇంకో పదకొండుసార్లు మోగింది. పన్నెండోసారి మోగేసరికి ఆయన సింహాచలం బస్సులో ఉన్నాడు. కొండ మీద కౌంటర్లో ఫోను అప్పగించి టోకెను తీసుకున్నాడు. ఆ టోకెను అంత తేలిగ్గా ఉన్న వస్తువు ఆయన ఈ మధ్య చేత్తో పట్టుకోలేదు. క్యూ పొట్టిగా ఉంది. మెట్ల మీద కూర్చుంటే సంపెంగల వాసనతో గాలి వచ్చింది. పక్కన కూర్చున్న ముసలామె అడక్కుండానే తన విసనకర్రని కాస్త ఇటు కూడా తిప్పింది. సాయంత్రం ఆరుగురినీ కూర్చోబెట్టి, ముద్ర సంగతి ఉన్నదున్నట్టు చెప్పి, తిట్లు తిని, కాళ్ళో చేతులో పట్టుకుని ఒప్పించాలని అక్కడే నిశ్చయించుకున్నాడు. పులిహోర పొట్లం, ఫోను తీసుకుని కొండ దిగాడు. ఫోనులో చార్జింగ్ అయిపోయింది.

ఐదూ నలభైకి సందు మొదట్లో ఆటో దిగి పైకి చూశాడు. చెప్పిన పని సన్నీ శ్రద్ధగా చేశాడు. నెలలు లేవు, నినాదాలు లేవు. మిగిలింది దండ వేసిన ఫోటో, సగం మూసిన కళ్ళు, కింద పేరు, ఆ కింద నవ్వు లేని పన్నెండు మొహాలు. ఆయన ఒక్క క్షణం తన మీద తనే జాలిపడ్డాడు. టీ కొట్టు కామరాజు ఆయన్ని చూసి గ్లాసు జారవిడిచి, లోపలికెళ్ళి తలుపు వేసుకున్నాడు.

మెట్లెక్కుతుంటే పైనుంచి ఏడుపు వినిపించింది. పోలిరాజు తల్లి కాసులమ్మ గొంతు. ఆయన ఒంటరివాడయ్యాక వారానికి రెండుసార్లు చేపలు బాగుచేసి, పసుపు రాసి మరీ ఇచ్చి వెళ్ళే మనిషి.

"ఓలమ్మో! మద్దేనం ఆటోలో ఒత్తన్నాను. సూద్దును కదా, మూడు కాడల మా బాబు బొమ్మ! మెడలో దండ! కింద పన్నెండు ఏడుపు మొకాలు! పొద్దున్న బాగానే ఉన్నాడన్నారు కదరా, ఇంతలోకే ఏటయిపోనాదిరా!"

అచ్యుతరామయ్య చెయ్యి తలుపు మీద ఆగిపోయింది.

"నలభైసార్లు పోను సేసినాను, ఎత్తనేదు," అన్నాడు పోలిరాజు. "నానే సంపీసినాను బావా. ముద్దర దొంగతనం అన్నాను."

"నీ మాటకేటి, నా మాటకే పోనాడు," అన్నాడు జగ్గారావు ముక్కు చీదుతూ. "ముద్దరకి ఇలువ నేదా అని అరిసినాను. ముందు పోను సేసింది నానే."

"కాదు, నా మాటే గట్టిగా తగిలింది."

"నాదే తగిలిందంటన్నాను కదా!"

తనని ఎవరు చంపారన్న విషయం మీద కొట్లాట వచ్చేట్టుంది. అచ్యుతరామయ్య తలుపు తోయబోయాడు. అప్పుడే జగ్గారావు గొంతు మెత్తబడింది.

"ఒగ్గీ బావా. పెద్దాయన పోనాడు, మనకి పంతాలెందుకు? నీ వేట బందు నెలలే కానీ. పొద్దు వాలినాక ఆడదాం. మావోళ్ళు గొడుగులేసుకుని కూకుంటారు."

"ఒద్దు బావా, నీ సలికాలమే కానీ. డిసెంబర్లో నూకాలుని ఒడ్డునే కట్టీసి ఉంచుతాను."

"నీదే అంటన్నానా!"

"నీదేనంటే ఇనవేటి!"

మళ్ళీ మొదటికి వచ్చింది, కాకపోతే అటుది ఇటు. అప్పుడు రోజారమణి కళ్ళు తుడుచుకుంటూ అంది, "సగం సగం చేయండి. మొదటి సగం వేట బందులో, రెండో సగం డిసెంబరు, జనవరిల్లో. మధ్యలో వానలకి సెలవు."

"మరి మీ ఆగస్టో?" అని ఎవరో అడిగారు.

"జూన్‌లో ఆ పెద్ద దేశాల్లో ఆట ఉండదు కదా, చూసేవాళ్ళకి మనమే దిక్కు. కంపెనీకి నేను చెప్పుకుంటాను. ఇదే ఆయన పేరు నిలబెట్టే కాలెండరు. ఐదుముప్పావు దాటింది, సంతకాలు పెట్టండి."

అచ్యుతరామయ్య చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆయన బతికి ఉన్నన్నాళ్ళు కుదరని ఒప్పందం ఆయన పోయిన అరపూటలో కుదిరింది. ఇంకో ఐదు నిమిషాలు చచ్చిపోయి ఉంటే నూట ఇరవై మంది బతుకుతారు. పులిహోర పొట్లం గుండెకి ఆనించుకుని, ఊపిరి బిగబట్టి, తలుపు సందులోంచి లెక్కపెట్టాడు. ఒకటి. రెండు. మిగతా క్లబ్బుల వాళ్ళవి మూడు, నాలుగు. జగ్గారావుది ఐదు. పోలిరాజు కలం అందుకున్నాడు.

అప్పుడు కాసులమ్మ మళ్ళీ అందుకుంది. "ఒంటి మనిసి! ముల్లు తియ్యడం కూడా రాదు నా బాబుకి. ముల్లు తీసి ఒండి ఎట్టినానా ఎప్పుడైనా? పచ్చి సేపలే కదరా ఇచ్చినాను!"

ఆయన తట్టుకోలేకపోయాడు. నూట ఇరవై మందినీ మరిచిపోయాడు. తలుపు తోసుకుని లోపలికి వెళ్ళి, "ఏడవకు కాసులమ్మా. నాకు ముల్లు తియ్యడం వచ్చు," అన్నాడు.

రోజారమణి కుర్చీలో కూలబడింది. నలుగురు గోడకి అతుక్కుపోయారు. పోలిరాజు చేతిలో కలం గాలిలోనే ఉండిపోయింది.

"మేస్టారూ, బతికే ఉన్నారేటి?"

"ఉన్నాను నాయనా. ముందు ఆ సంతకం పెట్టు, తర్వాత భయపడుదువు గాని."

ముందుగా తేరుకున్నవాడు జగ్గారావు. మనిషిని చూసిన సంతోషం మొహం నిండా పరుచుకుంది, ఆ వెనకాలే ఇంకో ఆలోచన కూడా వచ్చింది. "అయితే నా సంతకం ఎనక్కిచ్చీండి! పోయినోడి కోసం సగం ఇచ్చాను గానీ, ఉన్నోడి కోసం ఎందుకిత్తాను? నాకు మొత్తం సలికాలమే కావాల!"

అచ్యుతరామయ్య గోడ గడియారం వైపు చూశాడు. ఆరుకి నాలుగు నిమిషాలు. తన జాలిగుండె పాడు చేసిన పనుల్లో ఇదే పెద్దది అనుకున్నాడు.

పోలిరాజు జగ్గారావుని పైనుంచి కిందికి చూశాడు. "ఎనక్కి తీసేత్తావా బావా?"

"తీసేత్తాను."

"అయితే ఇదిగో, నాను ఎట్టీసినాను!" కాగితం చిరిగేటంత గట్టిగా గీశాడు. "నువ్వు ఒద్దన్నాక నాకు ఇదే కావాల!"

రోజారమణి ఒక్క ఉదుటున లేచి ఫోటో తీసి పంపేసింది. ఆరుకి రెండు నిమిషాలు. దుఃఖం ఐదు సంతకాలు పెట్టిస్తే, ఆరోది పంతం పెట్టించింది. లీగు బతికింది.

ఆ తర్వాత గంటసేపు అందరూ ఆయన్ని వంతులవారీగా తిట్టారు. ముద్రకి అర్థమేమిటో ఆయన చెప్పుకున్నాడు, ఎవరూ వినలేదు. జగ్గారావు అలిగి మూల కూర్చున్నాడు గానీ, పులిహోర చేతులు మారుతూ తన దాకా రాగానే లేచి వచ్చాడు. కాసులమ్మ అందరికంటే గట్టిగా తిట్టింది, గురువారం వంజరం చేపల పులుసు వండి తెస్తానని కూడా ఆ తిట్ల మధ్యలోనే చెప్పింది. చీకటి పడ్డాక ఒక్కొక్కరే మెట్లు దిగారు.

సగం మెట్ల మీద అడుగుల చప్పుడు ఆగింది. "ఇంతకీ మొదటి మేచ్ ఎవులికీ ఎవులికీ?" అన్నాడు జగ్గారావు. "మాకే, అనుమానమేటి? పద, మేస్టార్ని అడుగుదాం," అన్నాడు పోలిరాజు.

అచ్యుతరామయ్య దీపం ఆర్పి, చప్పుడు కాకుండా లోపలి నుంచి తలుపు వేసుకున్నాడు. ఆ ఒక్క రాత్రికి పోయినవాడి కిందే లెక్కేసుకోమని ఆయన ఉద్దేశం.