డెల్బర్ట్ గారి పీపా ఫ్రిజ్

ఆదివారం ఉదయం డెల్బర్ట్ నోవిన్‌స్కీ వేసుకున్న పథకం చాలా చిన్నది. అమెరికాలో, మిల్వాకీలోని తన ఇంటి బేస్‌మెంట్‌లో కొత్త పీపా ఫ్రిజ్ (లోపల బీరు పీపా, పైన కుళాయి ఉండేది) బిగించి, టీవీలో ఫుట్‌బాల్ ఆట మొదలయ్యేసరికి మామగారి చేతిలో కుళాయి బీరు పెట్టడం. బయట చలి మైనస్ ఇరవై. బీరు పీపా నిన్నటి నుంచీ పెరటి మంచులోనే ఉంది. జనవరిలో ఆ ఊళ్లో బీరు చల్లబరచడానికి ఫ్రిజ్ కొన్న మహానుభావుడు అతనొక్కడే.

"చూడవయ్యా," అంది భార్య మార్లీన్. "ఇవాళ మా నాన్న నోటితో బాగుందనాలి. లేదా ఆ డబ్బా రోడ్డు పక్కకి, పైగదిలోని నా కుమ్మరి చక్రం దాని చోటికి. ముందే చెప్తున్నా."

గోడకున్న ఒకే ఒక్క సాకెట్‌లో ఏదో పాత ప్లగ్గు దూరి ఉంది. అది దేనిదో కనుక్కోవడం పిరికివాళ్ల పని గనుక, డెల్బర్ట్ దాన్ని పీకి ఫ్రిజ్‌ది పెట్టాడు. పెరట్లోంచి పీపా తెచ్చి లోపల పెట్టి, బీరును పైకి నెట్టే గ్యాస్ సిలిండరు తగిలించి కుళాయి తిప్పాడు. గ్లాసు నిండా నురగ. రెండో గ్లాసులోనూ నురగే.

పక్కింటి ఓర్విల్ పిలవకుండానే ఊడిపడ్డాడు. లోకంలో అతనికి తెలియని పని లేదు, చేసిన పని మాత్రం ఒక్కటీ లేదు.

"గ్యాస్ ఎక్కువైందిరా, తగ్గించు."

తగ్గించాడు. బొట్టుబొట్టుగా కారింది, అదీ నురగే.

"అయితే పెంచు!"

పెంచాడు. నురగ సీలింగుకు కొట్టి ఓర్విల్ బట్టతల మీదుగా దిగింది.

"హమ్మయ్య, ఇప్పుడు దారిలో పడ్డావ్," అన్నాడు ఓర్విల్ మొహం తుడుచుకుంటూ.

మధ్యాహ్నం మామగారు కాజిమిర్ నడుం పట్టుకుని మెట్లు దిగారు. పెళ్లినాటి నుంచీ ఆయన నోట అల్లుడు ఒక్క మంచి మాట వినలేదు. కోటు విప్పబోయి మళ్లీ బొత్తాలు పెట్టుకున్నారు.

"ఏమ్మా, హీటరు వేసుకోడానికీ గతి లేదా మీకు? అడిగితే నేనివ్వనా?"

మార్లీన్‌కు తల కొట్టేసినట్టయింది. మొగుడు బీరు కోసం ఇల్లంతా చల్లబరుస్తున్నాడనుకుంది. "సిగ్గులేదూ నీకు!" అని విరుచుకుపడింది. ఓర్విల్ వణుకుతూ తనకు జ్వరమొచ్చిందని తేల్చేసుకుని, నాలుక చాపి అందరికీ చూపించాడు. డెల్బర్ట్ ఒక్కడికే చెమటలు పోశాయి.

ఆట మొదలైంది. అందరూ దుప్పట్లు కప్పుకున్నారు. కాజిమిర్ కుర్చీ ఈడ్చుకుని పోయి ఫ్రిజ్ వెనక మూల కూర్చున్నారు. ఇక చావో రేవో అనుకుని డెల్బర్ట్ గ్యాస్‌ను మొదటున్న చోటికే తెచ్చి మళ్లీ కుళాయి తిప్పాడు. బంగారు రంగు బీరు, పైన వేలెడు నురగ! చల్లటి బీరు వెచ్చటి కుళాయిలోంచి వస్తేనే నురగ; కుళాయీ గ్లాసూ మనుషులూ పీపాతో సమానంగా చల్లబడ్డాక ఇక నురగ ఎందుకొస్తుంది?

మామగారు ఒక గుటక వేశారు. పళ్లు టకటకలాడాయి.

"బాగుంది అల్లుడూ. ఇక కాస్త వేడి సూపు ఇప్పించు."

డెల్బర్ట్ కళ్లు చెమర్చాయి. ఆ శుభఘడియలోనే మార్లీన్ కాలికి నేలమీది పాత ప్లగ్గు తగిలింది. తీగ వెంట చూస్తే అది తిన్నగా ఇల్లంతా వేడిచేసే హీటరు దగ్గరికి పోయింది.

"ఓరి నీ తెలివి తెల్లారా! నాన్నా, జరుగు, ఆ ఫ్రిజ్ ప్లగ్గు పీకేస్తా."

కాజిమిర్ కదల్లేదు. గోరువెచ్చని ఫ్రిజ్ వీపుకు తన నడుం ఇంకా గట్టిగా ఆనించారు.

"దాని జోలికెళ్లావంటే ఊరుకోను. ఈ కొంపలో వెచ్చగా ఉన్నది ఇదొక్కటే. నెల రోజులుగా పట్టేసిన నడుం ఇప్పుడే వదిలింది."

కుమ్మరి చక్రం పైగదిలోనే ఉండిపోయింది, పీపా ఫ్రిజ్ మామగారి నడుముకు కాపడంగా స్థిరపడింది.