యథాశక్తి సంహారం

సమస్త గృహ కుళాయి సందోహానికి ప్రాణాధారమై, శతసహస్ర నాళికా జటిలజాలానికి మూలస్థానమై, తన సొంత మేడ మీదకు మాత్రం చుక్క నీరు ఎక్కక రెండో అంతస్తు మరుగుదొడ్డికి శాశ్వతంగా తాళం వేసుకుని విరాజిల్లే నీటి సరఫరా కార్యాలయంలో, ఆర్థిక సంవత్సరం ఆఖరి నెల మూడో మంగళవారం, పదకొండు దాటి టీలు పూర్తయిన శుభముహూర్తాన, సమావేశ మందిరపు పొడవాటి బల్ల మీద ఒక ఫారం వెలసింది. ఆలకించండి. ఈ గాథంతా ఆ ఫారంలోని ఏడో గడి గురించే.

“వచ్చే ఏడాది నీటి పొదుపు లక్ష్యం: ఎంత, ఎప్పటి నుంచి?” అని అడిగే ఆ గడిని పదకొండేళ్లుగా ఒకే పదం ఏలుతోంది. ఆ పదం ‘యథాశక్తి’. అంకెల బాణాలు సోకని వజ్రకవచం తొడుక్కుని, ముగ్గురు పెద్ద ఇంజనీర్ల పదవీ విరమణ సభలు తిలకించి, నలుగురు తనిఖీ అధికారులను నవ్వుతూ సాగనంపి, ఒక్క అక్షరమైనా అరగని మహాయోధ అది. ఈ ఏడు దాన్ని ముందుగానే టైపు చేసి మరీ తెచ్చారు.

దాన్ని కూల్చడానికి కంకణం కట్టుకున్న వీరనారి ప్రణాళికా విభాగపు అసిస్టెంట్ ఇంజనీరు. దేనికైనా “ఎంత?” అని అడిగే గుణం వల్ల ఆఫీసంతా ఆమెను కొలతమ్మ అంటారు. ఆమె పగ పుట్టింది మాత్రం ఇంట్లో. గొట్టం చిట్టచివరి వీధిలో ఆమె కాపురం. అక్కడ పొద్దున్న వచ్చే నీళ్లు సరిగ్గా నాలుగు బకెట్లు. అయిదోది పెట్టేసరికి కుళాయి దగ్గుతుంది. అయినా అత్తగారు రోజూ అయిదూ వరసగా పేరుస్తుంది, అయిదోదాన్ని రోజూ బోర్లించి లోపల పెడుతుంది. ఆవేళ కోడలు చెప్పులు తొడుక్కుంటుంటే అడిగింది.

“నీళ్లాఫీసులో పనిచేస్తావు కదే. ఈ అయిదోది ఎప్పుడు నిండుతుంది?”

“చూస్తున్నాం అత్తయ్యా. వీలైనంత తొందర్లో...”

“వీలైనంత అంటే ఎంత? తారీఖు చెప్పు.”

కొలతమ్మ అంతగా ద్వేషించే పదమే బట్టలు మార్చుకుని ఆమె నోట్లోంచి వచ్చింది. సిగ్గుతో చచ్చిపోయింది. ఆ సిగ్గులోనే నీలం రంగు అయిదో బకెట్టు చంకన పెట్టుకుని బయల్దేరింది.

మెట్లెక్కుతూ మహోపన్యాసం సిద్ధం చేసుకుంది. “ఓ జలాధికార ధురంధరులారా! అంకె లేని ఆశయం అడుగు లేని బకెట్టు! పరిమాణరహిత ప్రతిజ్ఞా పరంపరతో ఎన్నాళ్లు ఈ పురజనుల దాహార్తిని పరిహసించెదరు?” తీరా సభలో నిలబడ్డాక ఆమె అన్నది, “సార్, ఈసారి ఒక అంకె రాద్దాం సార్.”

ఇలాంటి చోట ఉరుము ఉరమాలి. ఫ్యాను కిర్రుమంది.

దస్త్రదుర్గాధీశ్వరుడు, సంతకసార్వభౌముడు, పదవీ విరమణకు పద్నాలుగు నెలల దూరంలో ఉన్న పెద్దసారు కళ్లద్దాలు నుదుటి మీదకు తోశాడు.

“అంకె రాస్తే అంకె అడుగుతారమ్మా. యథాశక్తి ఎంతయిందని ఇంతవరకు ఎవడైనా వచ్చి అడిగాడా? అయినా మెయిన్ మీటరు ముల్లు ఆరేళ్లుగా కదలడం లేదు. దేంతో కొలుస్తావు?”

“దీంతో సార్,” అని కొలతమ్మ నీలం బకెట్టును ఠప్పున బల్ల మీద పెట్టింది. ఆమె ఎడమ భుజం ఇంకా తడిగానే ఉంది. “పది గంటలకు ఊరికి నీళ్లిచ్చే మన ట్యాంకు పొంగి సైకిల్ షెడ్డు మీద పడుతుంటే కింద పట్టాను. నాలుగు సెకన్లకో బకెట్టు. ఇరవై నిమిషాలు పోయింది. మూడొందల బకెట్లు సార్. రోజూ.”

పంపుగృహపాలకుడు, ముప్ఫై ఏళ్లుగా జలఘోషశ్రవణ విశారదుడు అయిన ఆపరేటరును పిలిపించారు. ఆయన ఏ దాపరికమూ లేకుండా చెప్పాడు.

“రేకుల మీద చప్పుడైతే ట్యాంకు నిండినట్టు మేడం. అప్పుడు కునుకులోంచి లేచి, మొహం కడుక్కుని, నడుచుకుంటూ వచ్చి మోటారు ఆపుతా. చప్పుడే లేకపోతే నిండిందని నాకెలా తెలుస్తుంది?”

ఈ తర్కానికి ఎదురులేక మహారథులు తలలు దించుకున్నారు. అప్పుడు ఘోరయుద్ధం చెలరేగింది. ఇరవై నిమిషాలూ ఆగిపోవాలని కొలతమ్మ. ఒక్క నిమిషం తగ్గిద్దాం, అదీ రెండేళ్లలో, అని పెద్దసారు. ‘దాదాపు’ అనే మాటను వెనక దారిన గడిలోకి దూర్చబోతే ఆమె రెండుసార్లు పట్టుకుంది. నలభై నిమిషాలు గడిచాయి. గుమ్మం దగ్గర నిలబడి నిలబడి కాళ్లు లాగిన ఆపరేటరు చివరికి గొంతు సవరించుకున్నాడు.

“మొహం కడుక్కోడానికి మూడు నిమిషాలు పడుతుంది సార్. అది మోటారు ఆపేశాక కడుక్కుంటా లెండి. రేపట్నుంచే.”

పెద్దసారు పెన్ను తీశాడు. ఒక్క అడ్డగీతతో, పదకొండేళ్ల యథాశక్తి నేలకొరిగింది. దాని పైన ఆయన రాశాడు: మూడు నిమిషాలు. రేపటి నుంచి.

“ముప్ఫై నాలుగేళ్ల సర్వీసులో లక్ష్యమని నేను రాసిన మొదటి అంకె ఇదేనమ్మా,” అన్నాడు. ఆయన గొంతులో భయం దాగలేదు. “తప్పితే మాటొస్తుంది.”

“తప్పదు సార్. రోజూ పోయి చూస్తా.”

కొలతమ్మకు ఆ క్షణాన ఆయన మీద జాలీ గౌరవమూ ఒకేసారి కలిగాయి.

రోజుకు నలభై అయిదు బకెట్లు షెడ్డు మీద పడడం మానేసి గొట్టాల్లోకి దిగాయి. దారిలో ఇంటింటికీ కాస్త కాస్త పంచుకుంటూ గురువారం ఉదయానికి చివరి వీధి చేరాయి. నాలుగు బకెట్లు నిండాయి. అయిదోది పెట్టారు. కుళాయి దగ్గింది. దగ్గి, మళ్లీ కారింది.

అది ఆగాక అత్తగారు బకెట్లో చెయ్యి అడ్డంగా అడుక్కి ఆనించి, తీసి, వెలుగులో చూసుకుంది.

“నాలుగు వేళ్లు,” అంది. కోడలి కళ్లలో నీళ్లు తిరగడం చూసి కూడా ఆగలేదు. “వచ్చే గురువారానికి అయిదు. కాలెండరు మీద రాయి.”

అష్టదిక్కులారా, వినండి! ఏడో గడిలో అంకె పడింది! అయిదో బకెట్లో నాలుగు వేళ్ల నీరు నిలిచింది! ఆ విజయజలాలతో, చివరి వీధి చివరి ఇంట్లో, అత్తగారు తీరిగ్గా మొహం కడుక్కుంది.