రెండూ ఒకేలా ఉన్నాయండీ

మా ఆవిడ నాతో ఏకీభవించిన రోజున నాకు మొదటిసారి అనుమానం వచ్చింది.

నవ్వకండి. మా పెళ్లయి పదమూడేళ్లయింది. ఇన్నేళ్లలో ఆవిడ "మీరన్నది నిజమేనండీ" అన్నది రెండేసార్లు. ఒకటి, నాకు పొట్ట వచ్చిందని నేనే ఒప్పుకున్నప్పుడు. రెండోది, ఇంటి తాళం పారేసింది నేనేనేమో అన్నప్పుడు. అలాంటిది ఆమధ్య ఒక ఆదివారం మధ్యాహ్నం కొత్త సీరియల్ ఒకటి మొదలుపెట్టి, నేను సోఫాలో జారగిలబడి, "అంతరిక్షం మీద ఇంత గొప్ప సీరియల్ ఇంతవరకూ రాలేదు, ఇకమీదట రాదు" అంటే, ఆవిడ బట్టలు మడతపెడుతూ "నిజమేనండీ" అంది. మడత కూడా ఆపలేదు.

ముందు మా ఇంటి పద్ధతి చెప్పాలి. సైన్స్ ఫిక్షన్ పిచ్చి నాది, రిమోటు ఆవిడది. ఆవిడ రెండువందల మంది ఆడపిల్లలున్న హాస్టల్‌కి వార్డెను. ఎంత గొప్ప అంతరిక్ష నౌకనైనా వార్డెను కళ్లతోనే చూస్తుంది. సరిగ్గా యుద్ధం మొదలయ్యే చోట బొమ్మ ఆపేసి ప్రశ్న వేస్తుంది.

"ఇంతమంది ఉన్నారు కదా, స్నానాల గదులెన్ని?"

"గెలాక్సీ తగలబడుతుంటే స్నానాలేమిటే?"

"తగలబడ్డాక మసి కడుక్కోరా? సరే, ఆ తెల్లబట్టలు ఎవరు ఉతుకుతున్నారు? ఇంజను గది తాళం ఆ దొంగవెధవ చేతికెలా వచ్చింది? రిజిస్టరు రాయించుకోరా?"

అరగంట వాదిస్తాను, ఓడిపోతాను, అప్పుడు బొమ్మ కదులుతుంది. పదమూడేళ్లుగా ఇదే వరస.

ఇక్కడ మీకో రహస్యం చెప్పాలి, ఎవరితోనూ అనకండి. మా సైన్స్ ఫిక్షన్ అభిమానుల సంఘానికి నెలనెలా ఒక పత్రిక వస్తుంది. అందులో 'శంకల పేజీ' నాది. ఆ శంకలన్నీ ఆవిడవి, కింద సంతకం మాత్రం నాది. సంఘంలో నన్ను 'ప్రశ్నల పులి' అంటారు. సొంతంగా నేను వేసిన ప్రశ్న ఒకే ఒక్కటి. వ్యోమగాముల హెల్మెట్ లోపల లైటు వేస్తారు, నటుల మొహాలు కనబడాలని. కళ్లద్దాల దుకాణంలో చూపు పరీక్షించేవాణ్ని కాబట్టి చెబుతున్నాను, లోపల లైటు వేస్తే అద్దంలో మన మొహమే మనకు కనబడుతుంది, బయట ఏమున్నదీ తెలియదు. ఈ ప్రశ్నను ఒక్కరూ మెచ్చుకోలేదు.

అందుకే ఆవిడ "నిజమేనండీ" అనగానే కంగారు పట్టుకుంది. ఆ వచ్చే ఆదివారమే సంఘం వార్షిక సభ. ఈ సీరియల్ మీద ప్రసంగం నాది. చేతిలో ఒక్క శంకా లేదు.

ఇన్ని సినిమాలు చూసినవాణ్ని, నాకు తెలియదా? మనిషి రూపంలో వచ్చిన గ్రహాంతరవాసిని పట్టిచ్చేది మర్యాదే. ఉన్నట్టుండి శాంతంగా, ఒద్దికగా మారారంటే వాళ్లు మనవాళ్లు కారన్నమాట.

"మన మొదటి పోట్లాట దేని గురించి?" అని హఠాత్తుగా అడిగాను.

"తడి తువ్వాలు మంచం మీద వేశారు. బుధవారం. ఇప్పుడూ అక్కడే ఉంది, తీయండి."

మనిషి మా ఆవిడే. అనుమానం తీరకపోగా రెట్టింపయింది.

ఇక నా వృత్తి విద్య బయటికి తీశాను. చూపు పరీక్షలో అద్దాలు మార్చి మార్చి 'ఇది బాగుందా, ఇది బాగుందా' అని అడుగుతాం కదా, అలాగే అడిగాను.

"మరమనిషి ఏడవడం బాగుందా, ఏడవకపోతే బాగుంటుందా?"

"రెండూ ఒకేలా ఉన్నాయండీ."

నా సర్వీసులో నేను నమ్మని జవాబు ఇదొక్కటే. అలా అనేవాళ్లు రెండు రకాలు. ఒకరికి నిజంగా చూపుండదు. రెండోవారికి పరీక్ష తొందరగా ముగించి బయటపడాలని ఉంటుంది. ఈ మాట ఆవిడకే ఎన్నోసార్లు చెప్పాను.

ఆ వారమంతా కాలు కాలిన పిల్లిలా తిరిగాను. నేను గదిలోకి వస్తే ఆవిడ ఫోను పెట్టేసేది. ఒక పొడుగాటి రిజిస్టరులో ఏదో రాసుకునేది. తొంగిచూస్తే 'నీళ్లు, తాళాలు, దుప్పట్లు' అని కనబడింది. హాస్టల్ లెక్కలే అనుకున్నాను. దుకాణంలో ఒక పెద్దాయనకు అక్షరాల పట్టిక చూపించి "స్నానాల గదులెన్ని?" అని అడిగాను. ఆయన కళ్లు చికిలించి, వెతికి వెతికి, కనబడటం లేదన్నాడు.

చివరికి శనివారం ఒక పథకం వేశాను. సీరియల్లో అన్నిటికంటే అధ్వాన్నమైన భాగం పెట్టి, ఫోనులో రికార్డింగు నొక్కి, దాన్ని సోఫా దిండు కింద దాచి దుకాణానికి వెళ్లాను. ఒంటరిగా ఉన్నప్పుడైనా గొణుగుతుంది కదా! సాయంత్రం విన్నాను. గంటసేపు తుపాకుల మోత. ఆ తర్వాత ఆవిడ గొంతు.

"ఏమండీ, ఫోను దిండు కింద మరిచిపోయారు. వేడెక్కిపోతోంది, తీస్తున్నాను."

ఆదివారం లైబ్రరీ హాలు నిండిపోయింది. మా కార్యదర్శిని 'ఉల్కాపాతం' అంటాం, మొదలుపెడితే ఆపడు. ఆయన నన్ను పిలిచాడు. మైకు ముందు నిలబడి, గత్యంతరం లేక హెల్మెట్ లైటు గురించే మళ్లీ చెప్పాను. వెనక వరసలో ఎవరో ఆవులించారు.

"ధన్యవాదాలు గురువుగారూ!" అన్నాడు ఉల్కాపాతం, తొందరపడుతూ. "ఇప్పుడు మన ప్రత్యేక అతిథి, వార్డెను గారు!"

వెనక తలుపులోంచి మా ఆవిడ వచ్చింది. చేతిలో ఆ రిజిస్టరే.

"ఎనిమిది రోజుల కిందట కార్యదర్శి గారు మా ఇంటికి ఫోన్ చేశారు," అంది మైకులో. "స్నానాల గదుల ప్రశ్న అద్భుతం, మీవారి బుర్రే బుర్ర అన్నారు. ఆ బుర్ర ఎలా పనిచేస్తుందో చూద్దామని, అప్పట్నుంచి ప్రశ్నలు ఇంట్లో వేయడం మానేసి ఇందులో రాసుకున్నాను. ఆయనతో చెబితే నన్నే వచ్చి చదవమన్నారు."

పద్నాలుగు ప్రశ్నలు చదివింది. ప్రతి ప్రశ్నకీ హాలు హోరెత్తింది. ఏడేళ్ల ప్రయాణంలో దుప్పట్లు ఒక్కసారీ ఎండేయలేదేమని అడిగినప్పుడు ఉల్కాపాతమే కుర్చీ ఎక్కి చప్పట్లు కొట్టాడు. సిగ్గుతో చచ్చిపోతున్నాను, కానీ ప్రశ్నలు ఎంత బాగున్నాయో! వారం రోజులుగా నేను మొహం వాచింది వీటికే.

అప్పుడు పాత పత్రిక ఒక చేత్తో, రిజిస్టరు ఒక చేత్తో పైకెత్తి, నావైపు తిరిగింది.

"ఏమండీ, ఇది మీ ప్రశ్నా, ఇది నా ప్రశ్నా? సరిగ్గా చూసి చెప్పండి."

హాలంతా నావైపు చూసింది. రెండిటినీ మార్చి మార్చి చూశాను.

"రెండూ ఒకేలా ఉన్నాయండీ," అన్నాను.

"చూపు లేదా, పరీక్ష తొందరగా ముగించాలనా?"

ఆ నవ్వులు ఆగడానికి చాలాసేపు పట్టింది. ఆగాక ఆవిడ కొంచెం మెల్లగా అంది. "ఆ హెల్మెట్ లైటు ప్రశ్న మాత్రం ఆయన సొంతం. అది మంచి ప్రశ్నే. మీరెవరూ వినలేదు."

నిజం చెబుతున్నాను, ఆ మాటకు నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఇప్పుడు శంకల పేజీ కింద సంతకం ఆవిడది. నిన్న మళ్లీ సీరియల్ పెట్టాం. సరిగ్గా యుద్ధం దగ్గర బొమ్మ ఆగింది. ప్రాణం లేచి వచ్చింది. సోఫాలో నిటారుగా కూర్చుని "అడుగు!" అన్నాను.

ఆవిడ ఉతికిన బట్టల బుట్ట తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

"అడుగుతాను. మడతపెడుతూ వాదించండి."