యోగితా బీరుపాన విజయము

ఓ శీతలపేటికాంతర్వాసినీ! హిమబిందుమౌక్తికాలంకృత హరితసీసాస్వరూపిణీ! ఈ కథ చెప్పుటకు సరస్వతీదేవినే పిలువవలసినది. కాని ఆమె వచ్చినచో ఈ బెజవాడ నగరమున ఎక్కడ కూర్చుండబెట్టుదురో నాకు నమ్మకము లేదు. కావున నిన్నే వేడుచున్నాను. కథ పొడుగు, నా గొంతు పొడి.

జ్యేష్ఠమాసము ముగియుచున్నది. నూజివీటి తోటలలో చివరి రసాలు సైతము లారీలెక్కి వెళ్ళిపోయెను. అట్టి శనివారపు అపరాహ్ణమున రెడ్డిగూడెము ఆమ్రవనాధీశ్వరుడైన కృష్ణకాంతుడును, ఆతని ధర్మపత్ని యోగితయు ఆర్టీసీ బస్సున కిటికీ పక్క సీటును భుజబలముచే గెలిచి, బెజవాడపై దండయాత్రకు వెడలిరి. అత్తగారైన విజయలక్ష్మిగారికి చెప్పుల కొనుగోలని చెప్పిరి. వీరులు యుద్ధవ్యూహమును అత్తగార్లకు చెప్పరు.

దండయాత్రకు కారణము వినుడు. ఉగాది మొదలు ఆ ఇంట మామిడి తప్ప వేరు రుచి లేదు. పప్పులో మామిడి, పులిహోరలో మామిడి, పెరుగన్నములో రసము, తీరికవేళ తాండ్ర. కోతకూలీలకును, తోట చూడవచ్చిన షావుకార్లకును, ఆ షావుకార్ల డ్రైవర్లకును వడ్డించి వడ్డించి, మిగిలినది తాను తిని తిని యోగిత నాలుక తీపికి మొద్దుబారెను, నడుము నిలబడి నిలబడి బిగుసుకొనెను. కృష్ణకాంతుడు మాత్రము నడుమనడుమ హనుమాన్ జంక్షనుకు పోయి, మిత్రులతో ఏదో సేవించి వచ్చి, "అబ్బ, చల్లగా, చేదుగా ఎంత హాయిగా ఉందో" అని చెప్పుచుండెను. వంటింట చెమటలు కక్కుచున్న భార్యతో చెప్పవలసిన మాటయేనా అది?

పెళ్ళిరోజుకు ఏమి కావలెనని ఆతడు అడుగగా, ఆ వీరవనిత కొంగు బిగించి, "ఈ వసుధాతలమున చేదన్నది ఒక్క బొట్టైనను మిగిలియుండగా దానిని గ్రోలక నేను మడమ తిప్పుదునా?" అని సింహనాదము చేసెనని వ్రాయుటకు నా గంటము తహతహలాడుచున్నది. ఆమె నిజముగా అన్నది ఇది.

"నాకు ఓ బీరు కావాలండి. లాడ్జి రూములోకి దాచి తేవడం కాదు. బార్లో కూచుని తాగాలి. ఎవరో ఒకరు నాకు తెచ్చి పెట్టాలి."

"సరే, దాందేముంది" అనెను కృష్ణకాంతుడు. ఏముందో ఆతనికి ఆ శనివారము సాయంత్రము బెజవాడ గవర్నర్‌పేటలో తెలిసెను.

నీలలోహిత విద్యుద్దీపమాలికలతో యక్షనగరిని వెక్కిరించుచున్న మొదటి పానశాల గుమ్మమున ఒక సర్వరు నిలిచియుండెను. యోగిత పాదము గడప తాకినంతనే ఆతని హస్తము మెట్లవైపు లేచెను.

"ఫ్యామిలీ పైకండి."

పైన బెలూన్లుండెను. ఎవరి పాపదో పుట్టినరోజు. ఒక తాతగారు సూపు తాగుచుండెను, ఆ చప్పుడు రణభేరీనినాదమును మించియుండెను. కృష్ణకాంతుడు గొంతు తగ్గించి బీరు మాట ఎత్తగా, సర్వరు నొచ్చుకొనెను. "పైన మందు ఇవ్వమండి. ఫ్యామిలీస్ వస్తారు కదండి. మేడమ్‌కి మ్యాంగో జ్యూస్ తెస్తాను. చాలా బాగుంటుంది."

నూజివీటి సీమ కోడలికి మామిడిరసము! యోగిత కన్నులు ప్రళయకాలాగ్నులయ్యెను. అయినను కూర్చున్న పాపమునకు చికెన్ పకోడి తిని, జ్యూసును ముట్టక, ఇరువురును దిగివచ్చిరి.

అంతట పరాజయమును లెక్కసేయని ఆ దంపతులు, ఆటోల హారన్లు శంఖములుగా, దుమ్ము చందనముగా, పక్కనుండి పోవు బైకులు తప్పించుకొనుటయే కవాతుగా ముందుకు సాగి, రెండవ పానశాలను ముట్టడించి, ద్వారమున నిలువరింపబడి, మెట్లు ఎక్కింపబడి, తెర గల ఒక గదిలో మూసివేయబడి, మంచూరియా తినిపింపబడి, మరల మామిడిరసముచే అవమానింపబడి వెలికివచ్చిరి. మూడవదాని ద్వారమున కృష్ణకాంతుడు తర్కశాస్త్రమును ప్రయోగించెను.

"మేం ఫ్యామిలీ కాదండి. పిల్లల్లేరు. ఇద్దరమే."

"పెళ్ళయిందాండి?"

"అయింది."

"మరి ఫ్యామిలీయే కదండి. పైకెళ్ళండి."

అక్కడ వారు బిర్యానీ తినిరి. తిననిచో కూర్చుండనీయరు.

నాలుగవ పానశాల యెదుట కృష్ణకాంతుడు ఫుట్‌పాత్‌పై చతికిలబడి, ఉదరభారముచే అస్త్రసన్యాసము చేసెను. "లాడ్జికి పోదాం యోగితా, రేపు పొద్దున ఊరెళ్ళిపోదాం. ఇంక తినలేను." యోగిత కదలలేదు. ఆమెకు ఏడుపు వచ్చుచుండెను, ఏడ్చుటకు ఆమెకు ఇష్టము లేకుండెను. ఇంటికి పోయినచో రేపటినుండి ఊరగాయల పని. మరల ఈ గుమ్మమువరకు వచ్చుట ఎన్నడో. అప్పుడామెకు మెరుపువలె ఉపాయము తోచెను.

"ఏమండీ, మీరు పక్కనుండబట్టే నేను ఫ్యామిలీ అవుతున్నాను. నేను ముందు వెళ్తా. మీరు కాసేపాగి, తెలీనివాళ్ళలా వచ్చి ఎదురుగా కూచోండి."

"తెలిసినవాళ్ళెవరైనా చూస్తే?"

"బీరు తాగుతోందంటారు. తాగుతాగా."

ఇట్లు పలికి ఆమె ఏకాకినియై, ధూమావృతమై, పురుషసింహసంకులమైన ఆ గుహలో ప్రవేశించెను. గ్లాసులు నోటికడ నిలిచిపోయెను. యలమంద అను మర్యాదస్తుడైన సర్వరు ఎదురువచ్చెను.

"ఒక్కరేనాండి?"

"ఒక్కదాన్నే."

యలమంద మెట్లవైపు చూచెను. ఫ్యామిలీ పైకి పోవలెను, మగవారు కింద ఉండవలెను. ఈమె ఫ్యామిలీ కాదు, మగవాడును కాదు. ఆతని ధర్మశాస్త్రమున ఇట్టి సందర్భమునకు సూత్రము లేకపోయెను. లేకపోగా ఆతడు ఫ్యాను కింద కుర్చీ లాగి, తువ్వాలుతో తుడిచి, కూర్చుండబెట్టెను.

"మ్యాంగో జ్యూస్ తెమ్మంటారాండి?"

"బీరండి. బాగా చల్లగా ఉన్నది చూసి తేండి."

సీసా వచ్చెను. దాని చుట్టును చెమట పట్టియుండెను. యలమంద ఓపెనరును మూతపై ఆనించిన ఆ మహాముహూర్తముననే, వ్యూహప్రకారము కృష్ణకాంతుడు వచ్చి ఎదుటి కుర్చీలో కూలబడెను.

"సార్, అక్కడ కూచోకండి. ఆవిడ ఒక్కరే ఉన్నారు."

"మా ఆవిడేనండి" అనెను కృష్ణకాంతుడు, వ్యూహమును క్షణములో మరచి.

ఓపెనరు ఆగెను. "మీ ఆవిడయితే ఫ్యామిలీ అండి. ఇద్దరూ పైకి పదండి. మేడమ్, ఈయన మీ ఆయనేనాండి?"

ఒక ప్రక్క అగ్నిసాక్షిగా చేపట్టిన పతి. ఒక ప్రక్క మూత తీయని సీసా. యోగిత పతిని చూచెను. మంచివాడు, ఎక్కడికీ పోడు. సీసాను చూచెను.

"కాదండి" అనెను.

కృష్ణకాంతుడు హతాశుడై ఫోను తీసి పెళ్ళిఫొటో చూపెను. యలమంద ఫొటోను చూచి, ఆమెను చూచి, మరల ఫొటోను చూచెను. నూజివీటి బ్యూటీషియను పనితనము సామాన్యమైనది కాదు.

"ఈవిడెవరో వేరే అండి. ఇంట్లో ఇంత చక్కటి భార్యను పెట్టుకుని ఏంటండి ఇది? ఫ్యామిలీ ఉన్నవాళ్ళు, పైకెళ్ళి కూచోండి సార్."

అట్లు ఆ ఆమ్రవనాధీశ్వరుడు ఏకాంగిగా ఫ్యామిలీ సెక్షనునకు ఎక్కింపబడెను. మొదట ఆతనికి కోపము వచ్చెను. పిమ్మట కటకటాలమీదుగా కిందికి వంగి చూచెను. యలమంద గ్లాసు వంచి, నురుగు పొంగకుండ బీరు పోయుచుండెను. యోగిత వెనుకకు వాలి, చెప్పులు విడిచి, చేతులు ఒడిలో పెట్టుకొని, తనకొరకు మరియొకరు వడ్డించుటను చూచుచు ఊరక కూర్చుండెను. పెళ్ళయిన నాటినుండి ఆమె అట్లు కూర్చుండగా ఆతడు చూచియుండలేదు. ఆతనికి సిగ్గు వేసెను. పిలువబోయి, మానెను.

ఆమె ఒక గుక్క తాగెను. ముఖము చిట్లించెను. అయినను వదలలేదు. గుక్కగుక్కకు పల్లీలు నములుచు, కాలు ఊపుచు, తీరికగా తాగెను. తరువాత బయట భర్తను కలిసికొనెను.

"ఎలా ఉంది?"

"చాలా చేదుగా ఉందండి" అని సంతోషముగా చెప్పెను. "మళ్ళీ వద్దాం. ఈసారి మీరు ముందే పైకెళ్ళిపోండి."

ఓ శ్రోతలారా, దిక్కులకు చాటుడు! ఆ శనివారపు రాత్రి బెజవాడ మహానగరమున, రెడ్డిగూడెము ఇల్లాలు ఒకతె కింది అంతస్తున ఒక కుర్చీలో కూర్చుండి ముప్పాతిక సీసా బీరు తాగెను. భూమి కంపించెనా అందురా? లేదు. పక్క బల్లవాడు ఇంకొన్ని పల్లీలు అడిగెను.